గరుకు కాదు, బరక

2022 వేసవి నాటి మాట. చిత్తూరు దాటి తిరుపతి రోడ్డు పట్టుకుంటే గ్రానైట్ ఫ్యాక్టరీలు వరసగా కనిపిస్తాయి. వాటిలో ఒకదానిలో నేను అప్పటికి పదకొండేళ్ళుగా క్వాలిటీ ఇన్‌చార్జిని. కొండరాయిని కోసి పలకలు తీస్తాం, వాటిని స్లాబులంటాం. ఆ స్లాబు పైభాగం కొనేవాళ్ళు కోరినట్టు వచ్చిందో లేదో చూసి సంతకం పెట్టడం నా పని.

గ్రానైట్ అనగానే బయటివాళ్ళకు మెరిసే వంటింటి గట్టు గుర్తొస్తుంది. నిజానికి ఒకే రాయికి మేము రకరకాల ముఖాలు తెప్పిస్తాం. బాగా మెరిపిస్తే పాలిష్డ్. మెరుపు రాకముందే ఆపేస్తే హోన్డ్, అంటే నున్నగా ఉంటుంది గానీ మెరవదు. గ్యాస్ మంట పెట్టి పైపొరను కాలిస్తే రాతిలోని పలుకులు టపటపా పేలి లేచిపోతాయి, దాన్ని ఫ్లేమ్డ్ అంటారు. వానకు తడిసే మెట్లకూ, కార్లు ఎక్కే వాలు దారులకూ అది వాడతారు. మా ఫ్యాక్టరీ మనుషులు ఫ్లేమ్డ్ అనరు, గరుకు అంటారు. కార్డు మీద "గరుకు" అని రాసి ఉంటే మారుమాట లేకుండా మంట పెట్టేస్తారు.

నా టేబుల్ మీద రెండు పరికరాలు ఉండేవి. ఒకటి గ్లాస్ మీటర్. అద్దానికీ దానికీ సంబంధం లేదు, రాయి మెరుపును అంకెల్లో చూపిస్తుంది. రెండోది రఫ్‌నెస్ టెస్టర్. చిన్న సూది రాయి మీద పాకుతూ పోయి ఎత్తుపల్లాలు ఎన్ని మైక్రాన్లో చెబుతుంది. పాలిటెక్నిక్ డిప్లొమా చదివి వచ్చినవాణ్ణి, ఆ రెండింటినీ వాడటం ఫ్యాక్టరీలో నా ఒక్కడికే వచ్చు. ఆ గర్వం నాకు బాగానే ఉండేది. ఎవరైనా వాటిని ముట్టుకుంటే కసురుకునేవాణ్ణి కూడా.

ఆ గర్వానికి అడ్డం పడ్డ మనిషి షమీమ్. నాకంటే పదేళ్ళు పెద్ద, నాకంటే ముందునుంచీ అక్కడ పనిచేస్తోంది. లైన్ మీంచి వచ్చే స్లాబుల మీది తడిని గుడ్డతో తుడిచి పక్కకు పంపే రోజుకూలీ పని ఆమెది. వాళ్ళ నాన్న ఊళ్ళు తిరిగి రోళ్ళకు, తిరగళ్ళకు ఉలితో గంట్లు కొట్టేవాడట. అరిగి నున్నబడిపోయిన రోలు మళ్ళీ నలగగొట్టేలా చేసే పని. చిన్నప్పుడు ఆయన కొట్టిన ప్రతి గంటునూ ఆమె వేలు పెట్టి చూసి "ఇంకొంచెం" అనో, "చాలు" అనో చెప్పేదట. ఆ వేళ్ళు అలాగే మిగిలిపోయాయి. ఆమె తుడుస్తూ తుడుస్తూ ఆగి, "ఈ మూల ఇంగా ఒక సుట్టు పడాల" అనేది. నేను పరిగెత్తి మీటర్ తెచ్చి పెడితే ఆ మూలే రెండు పాయింట్లు తక్కువ చూపించేది.

ఒకటి రెండుసార్లయితే సరదాగా ఉంటుంది. రోజూ అదే తంతు. మా ఓనరు గోపాల్ నాయుడుగారు బయటి పార్టీలను వెంటబెట్టుకుని వచ్చి, నా సంతకం ఉన్న కాగితం చేతిలో పెట్టుకుని కూడా, "షమీమ్ సెయ్యి పెట్టిందా?" అని అడిగేవాడు. నా ముందే అడిగేవాడు.

ఒకరోజు ఆమెను పడగొడదామని చూశాను. మెరుపులో మూడే పాయింట్ల తేడా ఉన్న రెండు ముక్కలు తెచ్చి, "కండ్లు మూసుకుని సెప్పక్కా, ఏది ఎక్కువ?" అన్నాను. ఆమె నవ్వుతూ కళ్ళు మూసుకుంది. రెండింటినీ ఒకసారి నిమిరి సరైన ముక్కనే తోసింది. అంతటితో ఊరుకుందా? "రెండోదానికి ఎవురో మైనం పూసినారప్పా. కడిగి సూడు, ఇంగా తగ్గతాది" అంది. కడిగితే తగ్గింది. ఆ రోజు అన్నం సహించలేదు. ఇంట్లో మా ఆవిడ ఏమైందంటే ఎండ అన్నాను.

ఆ వేసవిలోనే చెంగల్రాయులుగారు వచ్చారు. ఏర్పేడు దగ్గర చూపులేని పిల్లలకు చిన్న హాస్టల్ నడుపుతున్న పెద్దమనిషి. ఆయనకూ పుట్టుకనుంచీ చూపు లేదు. హాస్టల్లో కొత్త వరండా వేస్తున్నారు. పడక గదుల నుంచి భోజనాల గదిదాకా వరండా మధ్యలో అడుగు వెడల్పున ఒక బాట లాగా వేరే రకం రాయి పరవాలని ఆయన కోరిక. పిల్లలు లోపల చెప్పులు వేసుకోరు. పాదం కింద రాయి మారితే దారి తెలుస్తుంది, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా తమంతట తాము అన్నానికి పోవచ్చు.

"నున్నంగా ఉంటే పిల్లోళ్ళకు పక్క రాయికీ దీనికీ తేడా తెలీదు. అట్లని గరుకుగా ఉంటే పాదాలు గీసుకుంటాయి. రోజుకు ఆరుమాట్లు నడిసే దారి" అన్నారాయన.

నేను హోన్డ్ ముక్క, ఫ్లేమ్డ్ ముక్క, వాటి నడుమ లెదర్ ఫినిష్ అని తోలులా మడతలు తేలే ఇంకో ముక్క తెప్పించి నేల మీద వరసగా పెట్టించాను. ఆయన చెప్పులు విడిచి ఒక్కోదాని మీద నిలబడ్డారు. మొదటిదాని మీద తల అడ్డంగా ఊపారు. ఫ్లేమ్డ్ మీద పాదం పెట్టీ పెట్టగానే తీసేశారు. లెదర్ మీద కాసేపు నిలబడి, "మెత్తంగా జారతా ఉండాది" అన్నారు. నేను నా మైక్రాన్ల అంకెలు చదివాను. ఆయన మర్యాదగా విన్నారు.

"సార్, నున్నగా వద్దు, గరుకు వద్దు అంటే ఇంక మిగిలేదేమీ ఉండదు" అన్నాను, కాస్త విసుగ్గానే.

అవతల స్లాబు తుడుస్తున్న షమీమ్ అక్కడినుంచే అంది. "మిగల్లేకేమయ్యా, బరక ఉండాది కదా."

చెంగల్రాయులుగారు ఆ గొంతు వచ్చిన వైపు తిరిగారు. "ఎవురమ్మా అది? ఏమన్నావు?"

ఆమె గుడ్డ పక్కన పెట్టి దగ్గరికి వచ్చింది. "బరకయ్యా. ఊరిబిండి పచ్చడి నూరేటప్పుడు సెనిక్కాయలు యాడిదాకా నూరతాము? మరీ మెత్తంగా నూరితే నాలిక్కి ఏమీ తెలీదు. పలుకులు పలుకులుగా వదిలేస్తే పన్ను నొస్తాది. పలుకు ఉండల్ల, దానికి మొన మాత్రం ఉండకూడదు. అది బరక. గరుకంటే వేరే. గరుకు మనిషిని గీస్తాది. బరక ఊరికే తగల్తాది, అంతే."

నాకు నవ్వొచ్చింది. బరక అనేది పచ్చళ్ళకూ పిండికీ వాడే మాట. రాయికి ఎవరు వాడతారు? ఆ మాటే నాయుడుగారితో అన్నాను. ఆయన నావైపు చూడనైనా లేదు. చెంగల్రాయులుగారు మాత్రం ముఖమంతా నవ్వుతో, "అదే తల్లీ! ఇన్ని దినాలు ఆ మాటే నోటికి రాలా నాకు" అన్నారు.

రెండు రోజుల్లో ఆమె ఒక ముక్క తయారు చేసింది. ముందు మంట పెట్టించి గరుకు చేయించింది. తరవాత మా బ్రష్ మిషన్ నడిపే వేలు అనేవాడి చేత గట్టి బ్రష్‌తో దాన్ని రుద్దించింది. మధ్యమధ్యలో ఆపి చెయ్యి పెట్టి చూసి, మళ్ళీ రుద్దించి, ఒకచోట "ఇంగ సాలు" అంది. పలుకుల మొనలు పోయాయి, గుంటలు మిగిలాయి. నా సూది ఆ రాయి మీద ఎగిరెగిరి పడి, ఏ అంకే చూపించకుండా ఆగిపోయింది. అది ఎత్తుపల్లాలు తక్కువగా ఉన్న రాళ్ళకు చేసిన పరికరం. ఆ సంగతి నాకు తెలుసు, పైకి చెప్పలేదు.

చెంగల్రాయులుగారు ఆ ముక్క మీద నిలబడి అటూ ఇటూ పాదం జరిపారు. "ఇదే" అన్నారు. పిల్లల పాదాలకు కూడా చూపిస్తానని ముక్కను కారులో పెట్టించుకుని తీసుకుపోయారు. ఆయన వెళ్ళగానే నాయుడుగారు అందరి ముందూ ప్రకటించాడు. ఈ ఆర్డరు బాగా జరిగితే షమీమ్‌ను కూలీ పనిలోంచి తీసి పర్మనెంటు చేస్తాడట. పదవి పేరు ఫినిష్ చెకర్. కూర్చునేది నా గదిలోనే.

ఆ సాయంత్రం బండి మీద ఇంటికి పోతూ దారి పొడుగునా ఆమెను తిట్టుకున్నాను. తుడుపు గుడ్డ పట్టుకునే మనిషికి కుర్చీ ఏమిటి, నేను చదివిన చదువు ఎందుకు అనుకున్నాను. ఆమె ఇద్దరు ఆడపిల్లల్ని ఒంటిచేత్తో సాకిందనీ, పర్మనెంటు కోసం ఏళ్ళుగా అడుగుతోందనీ నాకు తెలుసు. తెలిసీ ఓర్వలేకపోయాను.

మా దగ్గర ఏ పని మొదలవ్వాలన్నా జాబ్ కార్డు రాయాలి. రాయి ఏది, కొలత ఎంత, పైభాగం ఎలా ఉండాలి అన్నీ అందులో ఉంటాయి. మంట పెట్టేవాడూ బ్రష్ వేసేవాడూ అది చూసే పని చేస్తారు. ఆ కార్డు రాసేది నేను. ఆర్డరు ఖాయమైన రోజునే షమీమ్ పెద్దకూతురికి మదనపల్లెలో నొప్పులు మొదలయ్యాయని ఫోనొచ్చింది. ఆమె చేతిసంచితో నా గదికి పరుగున వచ్చింది.

"మురళీ, నేను వారం దినాలు ఉండను. వేలుకు అంతా సూపించినాను. కార్డులో బరక అని ఉంటే బ్రష్ ఎంతసేపు వెయ్యాలో వానికి తెలుసు. రాసినావా అప్పా?"

నేను ఆమె ముందే రాశాను. ఫినిష్ అన్నచోట "గరుకు" అని రాశాను. పెన్ను కాగితం మీద పెట్టేదాకా అలా రాయాలని అనుకోలేదు. పెట్టాక చెయ్యి అలాగే పోయింది. బరక అనేది పుస్తకాల్లో లేని మాట, కార్డు మీద వంటింటి మాటలు రాస్తే పరువేం కాను అని ఒక సాకు కూడా క్షణంలో తయారైంది.

షమీమ్‌కు ఉర్దూ చదవడం వచ్చు. తెలుగు మాట్లాడుతుంది గానీ చదవలేదు. ఆమె వంగి ఆ అక్షరాల వైపు చూసింది.

"బరక అనే కదా రాసినావు?"

"అదే రాసినానక్కా. నువ్వు పో, బిడ్డను సూసుకో" అన్నాను.

ఆమె నా తల మీద చెయ్యి పెట్టి వెళ్ళిపోయింది.

వేలు కార్డు చూశాడు. గరుకు అని ఉంది కాబట్టి మంటతోనే వదిలేసి, బ్రష్ వేయకుండా రాళ్ళను ప్యాక్ చేయించేశాడు. లోడు పంపేముందు నేను ఒక పలక మీద చెయ్యి పెట్టాను. అరచెయ్యి చుర్రుమంది. సంతకం పెట్టాను. ఏం జరుగుతుందనుకున్నానని ఎవరైనా అడిగితే సరిగ్గా చెప్పలేను. ఆమె మాట ఒక్కసారైనా తప్పాలి అన్నదొక్కటే అప్పుడు లోపల ఉన్నది.

రాళ్ళు పరిచిన మూడో రోజున చెంగల్రాయులుగారి ఫోను. "మీరు పంపింది మేము ఒప్పుకున్న రాయి కాదు. పిల్లోళ్ళు బాట వదిలేసి గోడలు పట్టుకుని పోతా ఉండారు. ఒక చిన్న పాపకు అరికాలు గీసుకుని రక్తమొచ్చింది. ఆ యమ్మ ఎట్ల తప్పు చేసింది?"

నాయుడుగారు మదనపల్లెకు కబురు పెట్టి షమీమ్‌ను పిలిపించాడు. ముగ్గురం ఏర్పేడు వెళ్ళాం. ఆమె వరండాలో మోకాళ్ళ మీద కూర్చుని పలక మీద చెయ్యి పెట్టి వెంటనే తీసేసింది. "దీనికి బ్రషే తగల్లా" అంది. నాయుడుగారు అక్కడినుంచే వేలుకు ఫోన్ చేసి స్పీకర్ పెట్టాడు.

"కార్డులో గరుకు అనే కదా సార్ ఉండాది" అన్నాడు వేలు. "బరక అని ఉంటే బ్రష్ వేసేటోణ్ణి. అక్క సెప్పిపెట్టింది నాకు."

నాయుడుగారు నావైపు తిరిగాడు. "ఆమె గరుకు అనే చెప్పింది సార్. చెప్పిందే రాశాను" అన్నాను.

షమీమ్ తలెత్తి నన్ను చూసింది. గొడవ పడుతుందని, తిడుతుందని అనుకుని నేను మాటలు కూడదీసుకుంటున్నాను. ఆమె తన నోటి మీద చెయ్యి పెట్టుకుంది. "గరుకన్నానా? అనుంటానేమో సార్. బిడ్డ కాన్పు గాబరాలో నోరు తప్పినానేమో" అంది.

నాయుడుగారు అక్కడే తేల్చేశాడు. పర్మనెంటు మాట ఇక లేదు, రేపటినుంచి మళ్ళీ తుడుపు పనే. రాళ్ళు మాత్రం లేపకుండా చేతి మిషన్‌తో అక్కడికక్కడే బ్రష్ వేసి సరిచేసి రావాలి, అందాకా ఆమె, నేను అక్కడే ఉండాలి అని చెప్పి కారెక్కాడు. నేను కోరుకున్నదంతా జరిగిపోయింది. అయితే నాకు ఏ సంతోషమూ కలగలేదు. ఆమె ముఖం వైపు చూడటమే కష్టమైపోయింది.

మరునాడు ఫ్యాక్టరీ నుంచి చేతి మిషన్ వచ్చింది. ఆమె బ్రష్ పట్టింది, నేను నీళ్ళ పైపు పట్టాను. ఒక్కో పలక దగ్గరా ఆగి చెయ్యి పెట్టి చూసేది. ఇంతకుముందు ఒక్కసారి నిమిరి చెప్పే మనిషి ఇప్పుడు రెండుసార్లు, మూడుసార్లు నిమిరింది. తరవాత నాతో, "నువ్వూ ఒకమాటు సూడప్పా, సరిపోయిందా?" అని అడిగింది. పదకొండేళ్ళలో ఎన్నడూ అలా అడగలేదు.

మధ్యాహ్నం అన్నాలు తిన్నాక ఆమె సుద్దముక్క తెచ్చి నా చేతికిచ్చింది.

"ఆ రెండు మాటలూ ఈ బండ మింద రాసి సూపించు. ఈసారి నోరు తప్పినా కార్డు మింద నేనే కనిపెట్టుకుంటాను."

రాశాను. పైన గరుకు, కింద బరక. ఆమె వేలితో ఒక్కో అక్షరాన్నీ తడిమినట్టు చూసింది. "రెండింట్లోనూ మూడక్షరాలే. కొమ్ములు తీస్తే నడిమిది, కడాది ఒకే మాదిరి ఉండాయి. మొదటిదే వేరే" అంది. మళ్ళీ గరుకు మీద వేలు పెట్టి, "ఆ దినం నువ్వు రాసింది ఇట్లనే ఉన్నింది. ఈ కొమ్ములు నాకు గుర్తుండాయి. నేను బరక అని అడిగితే నువ్వు అవునన్నావు కదా" అని ఆగిపోయింది. నన్ను పట్టుకోవాలని అన్న మాట కాదు. తనలో తను లెక్క సరిచూసుకుంటోంది.

"నీ నోరు తప్పలేదక్కా" అన్నాను. "నువ్వు బరక అనే సెప్పినావు. నేనే గరుకు అని రాసినాను. ఓనరుకు సెప్పింది కూడా అబద్ధమే."

ఆమె లేచి మిషన్ అందుకుంది. నేను వరండా చివరికి పోయి నాయుడుగారికి ఫోన్ చేసి జరిగింది జరిగినట్టు చెప్పాను. అటునుంచి వచ్చిన తిట్లు ఇక్కడ రాయదగ్గవి కావు. తిట్లన్నీ అయ్యాక, "ఫోను ఆ యమ్మకు ఇయ్యి" అన్నాడు. ఆమె తడిచేతిని చీరకు తుడుచుకుని ఫోను తీసుకుంది. "సరే సార్" అని రెండుసార్లు అంది, అంతే. పర్మనెంటు కాగితం ఆ నెలాఖరుకు వచ్చింది. నాకు ఆరు నెలలు కార్డు రాసే పని తీసేశారు. తక్కువ శిక్షే అది.

రెండో రోజు సాయంత్రానికి పని అయిపోయింది. చెంగల్రాయులుగారు పిల్లల్ని పిలిచారు. అరికాలికి గుడ్డ కట్టు ఉన్న పాప మొదట గోడనే పట్టుకుని నిలబడింది. ఎవరో తినడానికి రమ్మని కేకేశారు. ఆ పాప కట్టులేని పాదం బాట మీద పెట్టి చూసింది. తరవాత గోడ వదిలేసి, చేతులు రెండూ ఊపుకుంటూ భోజనాల గదికి నడిచిపోయింది.

పైభాగాల పని చేసేవాళ్ళకు నేను చెప్పగలిగింది కొంచెమే. నున్నన, గరుకు, బరక, మొరటు అని మన జనం ఊరికే ఇన్ని మాటలు పెట్టుకోలేదు. ఒక్కోదాని వెనక ఒక్కో చర్మం తెలుసుకున్న తేడా ఉంది. చెప్పినవాళ్ళ మాటను చెప్పినట్టే రాయాలి. మనకు వచ్చిన మాటలోకి దాన్ని మార్చామంటే వస్తువే మారిపోతుంది. మా కార్డులో ఇప్పుడు బరక అనే రాస్తున్నాం, దాని పక్కన అంకె ఉండదు. ఆమె సంతకం ఉంటుంది.

పని అయిపోయిన ఆ రోజు వ్యానులో తిరిగి వస్తున్నప్పుడు రేణిగుంట దాటాక ఆమె అడిగింది.

"నాకు సదవను రాదని నిన్ను అడిగినాను. నీకు బరకంటే సరిగ్గా తెలీనప్పుడు నన్ను మళ్ళా ఎందుకు అడగలేదప్పా?"

"తోచలేదక్కా" అన్నాను. అది నేను ఆమెతో చెప్పిన చివరి అబద్ధం.

ఇప్పుడు ఆమె తెలుగు చదువుతుంది. ఆ సుద్దముక్కతో మొదలుపెట్టి ఏడాదిలో నేర్చుకుంది. కార్డులు తనే చూసుకుంటుంది, మధ్యాహ్నాలు పేపరు కూడా తిరగేస్తుంది. ఇది అచ్చయితే ఇదీ చదువుతుంది. అందుకే ఇక్కడ రాస్తున్నాను. తోచక కాదక్కా. కుళ్ళు. నీ చెయ్యి నాకు లేదని కుళ్ళు. ఇప్పటికీ ఉంది.